కొడిగట్టిన ఒత్తి చెప్పే సాక్ష్యం

పొన్నూరు అనగానే మా వైపు వాళ్లకు ముందు గుర్తొచ్చేది సాక్షి భావనారాయణ స్వామి. ఇద్దరి మధ్య మాట తేడా వచ్చినప్పుడు, ఇచ్చిన మాట నిజమేనని సాక్ష్యం చెప్పడానికి దేవుడే కదిలి వచ్చాడని మా ఊరి కథ. చిన్నప్పుడు దాన్ని కథగానే విన్నాను. పెద్దయ్యాక, స్క్రూడ్రైవరు పట్టుకుని పాడైన వస్తువుల ముందు కూర్చోవడం అలవాటయ్యాక, అందులో నాకొక పద్ధతి కనిపించింది. ఏది చెడినా, తప్పు ఎవరిదో తేల్చే ముందు సాక్షిని పిలవాలి. సాక్షి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మాడిన చోటే ఉంటుంది, తెగిన చోటే ఉంటుంది.

ఈ అధ్యాయంలో అలాంటి సాక్షులు రెండింటిని మీ ముందు పెడతాను. ఒకటి దీపపు ఒత్తి, రెండోది హీటరు కాయిల్. ఒకటి దూది, ఒకటి తీగ. రెండూ మాడిపోతాయి, ఎందుకు మాడాయో చెబుతాయి కూడా. వాటి మాట వినడం వచ్చిన మనిషికి తన అలసటను చదువుకోవడం కూడా వస్తుందని నా నమ్మకం.

నాయనమ్మ పేనిన ఒత్తి

మా ఇంటి నుంచి నిడుబ్రోలు రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లొచ్చు. మా చుట్టూ వరి, వరి కోశాక మినుము. పత్తి, మిరప మా పొలాల్లో లేవు. పెదనందిపాడు వైపు నల్లరేగడి చేలల్లో ఉండే మేనత్త వాళ్లు ఏటా కార్తీక మాసానికి ముందు తొలి తీత పత్తి ఒక సంచిలో పంపేవాళ్లు. ఆ సంచి వచ్చిన రోజు నాయనమ్మ మధ్యాహ్నం నిద్ర మానేసేది.

ముందు పత్తిని చాప మీద పరిచి ఎండబెట్టేది. తర్వాత ఒక్కో పాయ తీసుకుని, గోళ్లతో గింజ వలిచి, ఆకు ముక్కలు, నలక ఏరి పక్కన పడేసేది. రెండు చేతుల వేళ్లతో దూదిని మెల్లగా లాగుతూ, మడుస్తూ, మళ్లీ లాగుతూ పోతే పోగులన్నీ ఒకే దిక్కుకు తిరిగేవి. అప్పుడు వేళ్లకు కాస్త విభూది అద్దుకుని, అరచేతుల మధ్య రెండు సార్లు, మూడు సార్లు, అంతే. ఒత్తి తయారు. పౌర్ణమికి మూడు వందల అరవై అయిదు ఒత్తుల కట్ట కావాలి కాబట్టి ఆ పని వారం పైగా సాగేది.

నేనూ పక్కన కూర్చుని చేశాను. నా ఒత్తులు పురికొస తాడులా గట్టిగా, నున్నగా ఉండేవి. చూడ్డానికి నాయనమ్మ ఒత్తుల కంటే నావే బాగున్నాయని నాకు గర్వం. వెలిగించిన కాసేపటికే నా దీపం చిన్నబోయి, కొన నల్లగా ముద్దకట్టి ఆరిపోయింది. నాయనమ్మ దీపం నిలకడగా వెలుగుతోంది. ప్రమిద ఒకటే రకం, నూనె ఒకే సీసాలోది.

“అట్టా బిగదీసి పేనితే దానికి ఊపిరెట్టా ఆడిద్దిరా? నూనె పైకి రావాలా వద్దా?” అంది నాయనమ్మ. ఆరిన ఒత్తిని నా చేతిలో పెట్టి, “పారేయమాక. ముందు దీన్ని చూడు” అంది.

నా జీవితంలో నేను చదివిన తొలి సాక్ష్యం అది.

మండేది నూనె

దీపంలో ఒత్తి మండుతుందని మనం అనుకుంటాం. మండేది నూనె. దూది పోగుల మధ్య సన్నటి సందులుంటాయి. వాటిలోంచి నూనె తనంతట తానే పైకి పాకుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని కేశనాళికీయత అంటారు. కొనకు చేరిన నూనె వేడికి ఆవిరై, ఆ ఆవిరి గాలితో కలిసి మండుతుంది. 1860 డిసెంబరులో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే వరుసగా ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఆయన చూపినట్టే, కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్లటి పొగకు, ఒత్తికి కాస్త దూరంలోనే అగ్గిపుల్ల చూపిస్తే మంట ఆ పొగ వెంట దిగి మళ్లీ ఒత్తిని అందుకుంటుంది. ఇంట్లో చేసి చూడండి. మండుతున్నది ఆవిరేనని కళ్లారా తెలుస్తుంది.

నూనె నిరంతరం అందుతున్నంత కాలం ఒత్తికి పెద్దగా దెబ్బ తగలదు. పైకి వచ్చే నూనె, ఆవిరయ్యే నూనె ఆ వేడిని తీసుకుపోతుంటాయి. నూనె రాక తగ్గిందో, మంట ఒత్తినే తినడం మొదలుపెడుతుంది. కొన బొగ్గవుతుంది. దాన్నే మన పెద్దలు కొడి అన్నారు. కొడిగట్టడం అనే మాట అక్కడి నుంచి వచ్చిందే.

పోగుల మధ్య సందు సన్నగా ఉంటే నూనె ఎక్కువ ఎత్తుకు ఎక్కగలదు, కానీ మెల్లగా వస్తుంది. సందు వెడల్పుగా ఉంటే త్వరగా వస్తుంది, కానీ ఎక్కువ ఎత్తుకు పోలేదు. మంచి ఒత్తి ఈ రెంటికీ మధ్య ఉంటుంది. బిగువు ఎంత ఉండాలో లెక్క కట్టి చెప్పలేం, చేతికి తెలియాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణిగి, వదిలితే తిరిగి లేవాలి. నాయనమ్మ చేతికి ఆ లెక్క వచ్చు. మన చేతులకూ పదిసార్లు చేస్తే వస్తుంది.

ఒత్తి ఏం చెబుతోంది?

దీపం సరిగా వెలగకపోతే చాలామంది ఒత్తి మార్చేస్తారు, లేదా నూనె నిండా పోసేస్తారు. రెండూ ఒకేసారి చేస్తే అసలు తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. ముందు చూడండి. తర్వాత ఒక్కటి మార్చండి. మళ్లీ చూడండి.

కొన నల్లగా గట్టిపడి మంట చిన్నబోతుంటే, నూనె అందడం లేదు. ప్రమిదలో నూనె ఉందా చూడండి. ఉంటే ఒత్తి మరీ బిగువుగా ఉందేమో చూడండి. చలికాలం నెయ్యి గడ్డకట్టినా, ఆముదం లాంటి చిక్కటి నూనె పోసినా ఇదే జరుగుతుంది. ముందుగా ఒక పుల్లతో కొడి దులపండి. చాలాసార్లు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మంట పొడుగ్గా లేచి పొగ, మసి వస్తుంటే, నూనె ఎక్కువై గాలి చాలడం లేదు. ఒత్తి బయటికి ఎక్కువగా వచ్చింది, లేదా మరీ లావుగా ఉంది. కాస్త వెనక్కి లాగండి. 1780లో ఎమె ఆర్గాండ్ అనే స్విస్ ఆయన ఒత్తిని గొట్టంలా చేసి మధ్యలోంచి కూడా గాలి పోయేలా దీపం తయారు చేశాడు. నూనెకు సరిపడా గాలి దొరికేసరికి పొగ తగ్గి వెలుగు పెరిగింది.

చిటపటలాడుతుంటే తడి ఉంది. కడిగిన ప్రమిదను సరిగా తుడవలేదు, లేదా దూదికి తేమ పట్టింది. మా వైపు పత్తి రైతుకు తేమ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి మద్దతు ధర వస్తుంది, ఆపైన కోత పడుతుంది, 12 దాటితే కొనరు. దీపానికీ అంతే పట్టింపు. ఒత్తులు చేసే ముందు దూదిని ఎండబెట్టండి.

నూనె ప్రమిద అంచు దాటి కిందికి కారుతుంటే, ఒత్తి బయటి కొన లోపలి నూనె మట్టం కంటే కిందికి వేలాడుతోంది. నూనెను పైకి తెచ్చే దూదే దాన్ని బయటికి లాగి కింద పోస్తోంది. కొనను అంచు మీద పైకి నిలపండి. కొత్త మట్టి ప్రమిద నూనె తాగేస్తుంటే, ముందుగా కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరాక వాడండి.

ఒత్తి మొత్తం ఒక్కసారిగా అంటుకుంటే నూనె అయిపోయింది. అప్పుడు ఏ సాక్ష్యమూ అక్కర్లేదు, దీపం ఆర్పండి. మండుతున్న ప్రమిదలో నూనె పోయకండి.

తెగిన కాయిల్ దగ్గర నేను చేసిన తప్పు

డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలకు చదువుతూ గుంటూరు బ్రాడీపేటలో ఒక గదిలో ఉన్నాను. వంటకు 1,000 వాట్ల హీటరు. మట్టి పళ్లెం మీద గాడి, గాడిలో చుట్టలు చుట్టిన తీగ. దాన్ని నిక్రోమ్ అంటారు. సుమారు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. 1906లో ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఎర్రగా కాలినప్పుడు దీని మీద క్రోమియం ఆక్సైడు పలుచటి పొరగా ఏర్పడి లోపలి లోహాన్ని గాలి నుంచి కాపాడుతుంది. ఏళ్ల తరబడి ఎర్రగా కాలుతున్నా తీగ నిలిచేది ఆ పొర వల్లే.

ఒక రాత్రి అన్నం పొంగి గంజి కాయిల్ మీద పడింది. కొన్ని రోజులకు అక్కడే తెగింది. కొత్త కాయిల్ కొనడం బద్ధకమై, తెగిన చోట పాడైన చుట్లు కత్తిరించి, రెండు కొనలు మెలిపెట్టి కలిపేశాను. హీటరు వెలిగింది. పైగా మునుపటి కంటే ఎర్రగా, వేగంగా వెలిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. నెలలోపే మళ్లీ తెగింది. మళ్లీ కత్తిరించాను. మూడోసారి తెగే ముందు గదిలో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. గోడ ప్లగ్గు కరిగి నల్లబడింది.

అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. 230 వోల్టుల దగ్గర 1,000 వాట్ల కాయిల్‌కు నిరోధం సుమారు 53 ఓములు. దానిలోంచి పోయే కరెంటు 4.3 ఆంపియర్లు. రెండుసార్లు కత్తిరించేసరికి తీగలో నాలుగో వంతు పోయింది. నిరోధం 40 ఓములకు దిగింది. కరెంటు 5.8 ఆంపియర్లకు, కరెంటు ఖర్చు 1,330 వాట్లకు ఎగబాకాయి. ఆ ప్లగ్గు 5 ఆంపియర్లది. 1827లో ఓమ్ రాసిన సూత్రాన్ని నేను పరీక్షలో తప్పు లేకుండా రాశాను, గదిలో మాత్రం మరిచాను. తీగ పొట్టిదైన కొద్దీ దాని మీద భారం పెరిగింది. ఆ పెరిగిన భారం మోయడానికి మిగిలిన తీగ తగ్గింది. అందుకే ప్రతి అతుకూ ముందటి అతుకు కంటే తొందరగా తెగింది.

తెగిన చోటే సాక్ష్యం ఉంది. స్క్రూ దగ్గర తెగితే బిగింపు వదులైంది. నడుమ తెగితే చుట్లు ఒకచోట దగ్గరగా, ఇంకోచోట దూరంగా ఉన్నాయి, దగ్గరైన చోట వేడి పోగుపడింది. ఏదైనా ఒలికి తెగితే అక్కడ మరక ఉంటుంది. కారణం సరిచేసి, అదే వాట్ల కొత్త కాయిల్ వేయడమే సరైన పని. ఇంకో మాట. అలాంటి తెరిచిన కాయిల్ హీటర్లలో 230 వోల్టుల తీగ పైకే ఉంటుంది. ఇవాళ ఇంట్లో వాడకపోవడమే మంచిది. ఉంటే ప్లగ్గు పీకకుండా ముట్టుకోకండి. పని రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఒక కుర్రాడి ప్రశ్న

మొన్నామధ్య మా వీధి కుర్రాడొకడు జేబులోంచి వేపింగ్ పరికరం తీసి, “బాబాయ్, నీకు కాయిల్ పని వచ్చు కదా, దీనికి తీగ చుట్టి దూది పెట్టడం నేర్పు. మాడు వాసన వస్తోంది” అన్నాడు. విప్పి చూశాను. నాకు తెలిసిన సరుకే: నిక్రోమ్ లాంటి తీగ, దాని నడుమ దూది, ఒక ద్రవం. చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో తయారు చేసిన ఈ-సిగరెట్టు నుంచి వచ్చిన వంశమే ఇదంతా.

వాడికి దాచకుండా చెప్పాను. “తీగ వేడికి దూది ద్రవాన్ని అందించలేకపోతోంది. మా నాయనమ్మ చెప్పిన కొడే ఇది. తేడా ఏంటంటే, ఆ మసి గోడకు పట్టేది, ఇది నీ ఊపిరితిత్తులకు పడుతుంది.” ద్రవం అందక మితిమీరి వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు ఎక్కువగా పుడతాయి. మాడకుండా చుట్టినా అందులో నికోటిన్ ఉంటే అది అలవాటుగా పట్టుకుంటుంది. ఏకు మేకవడం అంటే అదే. పైగా మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో, ఆ డిసెంబరులో చట్టంతో వీటి తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రచారం నిషేధించారు. విడిభాగాలు జోడించడమూ చట్టం దృష్టిలో తయారీయే. మొదటి నేరానికే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

“దీనికి నేను చుట్టను, నీకూ నేర్పను. తీగ చుట్టాలన్న కోరిక మాత్రం మంచిదే. రేపు రా, ఫ్యాను మోటారు వైండింగ్ విప్పి చూపిస్తా” అన్నాను. వచ్చాడు. ఇప్పుడు ఫ్యాను కాయిల్ చుట్లు లెక్కపెడుతూ గంటసేపు కదలకుండా కూర్చుంటున్నాడు. ఆసక్తిని తిట్టి ఆర్పేయడం కంటే దానికి మంచి నూనె పోయడం మేలని వాడు నాకు మరోసారి గుర్తు చేశాడు.

మీ కొడి మీరే చూసుకోండి

బ్రాడీపేట గదిలో నేను కత్తిరించింది కాయిల్ ఒక్కటే కాదు. అవే నెలల్లో నిద్రనూ కత్తిరించాను. చదువు సాగని రోజు రాత్రి గంట నిద్ర తీసేసి అతికేవాణ్ని. రెండు రోజులు ఊపుగా ఉండేది, కాయిల్ ఎర్రబడినట్టే. మూడో రోజు చదివింది తలకెక్కేది కాదు. మళ్లీ ఇంకో గంట కత్తిరించేవాణ్ని. చివరికి పరీక్షకు వారం ముందు జ్వరంతో మంచం పట్టాను. నాకు ఓపిక లేదనీ, నేను పనికిరాననీ అనుకున్నాను. ఒత్తిని నిందించానే తప్ప నూనె వైపు చూడలేదు.

అందుకే చెబుతున్నాను. మీరు విసుగ్గా, మొద్దుబారిపోయి, చిన్నమాటకే మండిపడుతూ ఉన్నారంటే “నేనింతే” అని తీర్పు ఇచ్చుకోకండి. మీ కొన నల్లబడింది. ఎందుకని అడగండి. నిద్ర అనే నూనె అడుగంటిందా? తిండి వేళ తప్పిందా? మనసు విప్పి మాట్లాడే మనిషి దొరికి ఎన్నాళ్లయింది? లేక నూనె ఉన్నా, నా చిన్ననాటి ఒత్తిలా మరీ బిగుసుకుపోయారా? ప్రతి గంటా పనితో కట్టేసుకుని, ఏదీ లోపలికి రానివ్వకుండా పేనుకున్నారా?

పొగ ఎక్కువగా వస్తున్నవాళ్లూ ఉంటారు. ఉత్సాహం దండిగా ఉంటుంది, పది పనులు మొదలుపెడతారు, ఒక్కటీ పూర్తి కాదు. వాళ్లకు నూనె తక్కువ కాదు, ఒత్తి బయటికి ఎక్కువైంది. రెండు పనులు వెనక్కి లాగితే మంట నిలబడుతుంది. ఊరికే కారిపోతున్నవాళ్లూ ఉంటారు. అడిగిన ప్రతివాడికీ సరే అంటారు. శక్తి ఇంటి పనికీ అందదు, తమ పనికీ అందదు. వాళ్లు అంచు దగ్గర కొన పైకి నిలపాలి. అంటే “ఈ వారం కుదరదు” అని ఒకసారి మర్యాదగా చెప్పడం నేర్చుకోవాలి.

ఈ వారం చేయాల్సినవి

మొదటి రోజు, ఒక ఒత్తి మీ చేత్తో చేసి వెలిగించండి. కొన్న దూది అయినా సరే. ఆరిపోతే పారేయకుండా కాగితం మీద పెట్టి, కొన ఎలా ఉందో ఒక వాక్యం రాయండి.

రెండో రోజు నుంచి ప్రతి రాత్రీ అదే కాగితం మీద మీ రోజు గురించి ఒక వాక్యం రాయండి. ఎప్పుడు విసుగొచ్చింది, అంతకు గంట ముందు ఏం జరిగింది? ఇదే మీ సాక్షి వాంగ్మూలం. మూడు రోజులు రాస్తే ఒకే మాట రెండు మూడుసార్లు కనిపిస్తుంది.

ఐదో రోజు ఒక్కటి మార్చండి. ఒక్కటే. నిద్ర అరగంట పెంచడమో, ఫోను పక్కగదిలో పెట్టడమో, మధ్యాహ్నం అన్నం వేళకు తినడమో. రెండు మార్చారంటే ఏది పని చేసిందో తెలియదు.

ఆదివారం మళ్లీ చదవండి. మారిందా? ఉంచండి. మారలేదా? దాన్ని వదిలి ఇంకొకటి పట్టుకోండి. దీనికి తెలివి కంటే ఓపిక ఎక్కువ కావాలి. ఆ ఓపిక ఉంటే ఈ పని ఎవరైనా చేయగలరు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కార్తీక మాసంలో మా ఇంట్లో దీపం చిన్నబోతే ఎవరూ కొత్త ఒత్తి కోసం లేవరు. ముందు ఒకరు పుల్లతో కొడి దులిపి, ప్రమిదలో నూనె చూస్తారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఆ దీపాన్ని ముందు చక్కబెట్టుకోమని నా మనవి. ఈ రాత్రి పడుకునే ముందు మీ కొడి దులపండి. మీలో నూనె ఎంత ఉందో చూసుకోండి.